బీటిల్‌కు వెడల్పు చక్రాలు: ముందు ఆఫ్‌సెట్ లెక్క, ఆ తరువాతే వెడల్పు

నమస్కారం. మీ ప్రశ్నను, దానితో పాటు మీరు రాసిన కొలతలను శ్రద్ధగా చదివాను. మీ తాతగారి కాలం నుంచి ఇంట్లో ఉన్న 1964 ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌కు, పోర్షే 911 కారుతో పేరుపడ్డ ఫుక్స్ నమూనాలో పోతపోసిన 15 అంగుళాల అల్లాయ్ చక్రాలను, చక్రానికీ బ్రేక్ డ్రమ్‌కూ మధ్య వేసే 25 మిల్లీమీటర్ల అడాప్టర్ల మీద బిగించాలని మీ ఆలోచన. ముందు చక్రం వెడల్పు 6 అంగుళాలు, ఆఫ్‌సెట్ 36. వెనుక చక్రం వెడల్పు 8 అంగుళాలు, ఆఫ్‌సెట్ 10. టైర్లు ముందు 195/65, వెనుక 235/60 (మొదటి అంకె టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో). మడ్‌గార్డులు కోయకుండా ఇవి పడతాయా, పడితే బెంగళూరు రోడ్ల మీద, అప్పుడప్పుడు నంది కొండ మీద నిశ్చింతగా నడుపుకోవచ్చా అని అడిగారు.

ముందు చక్రాలు కష్టం మీద పడవచ్చు. వెనుకవి మడ్‌గార్డు లోపల పడవు, మడ్‌గార్డు మార్చి పట్టించినా ఆ బండికి అవి మేలు చేయవు. బెంగళూరులోని పీణ్యాలో లేత్ పనుల షాపు నడిపిన ఇరవై ఎనిమిదేళ్లలో, సొంతానికి ఉంచుకున్న రెండు బీటిల్స్ మీదా, తెచ్చి చూపించిన ఇతరుల బండ్ల మీదా ఈ పని పలుమార్లు చేశాను. అందులో తప్పుగా చేసినవీ ఉన్నాయి కనుక కారణాలను కాస్త విడమరచి చెబుతాను.

చక్రం వెడల్పును అందరూ అడుగుతారు, ఆఫ్‌సెట్‌ను మాత్రం ఆఖరున అడుగుతారు. రిమ్ వెడల్పుకు సరిగ్గా నడిమి గీతకూ, డ్రమ్‌కు ఆనుకునే ముఖానికీ మధ్య ఉన్న దూరమే ఆఫ్‌సెట్. ఆ ముఖం నడిమి గీతకు బయటి వైపు ఉంటే ఆఫ్‌సెట్ ధనాత్మకం, చక్రం లోపలికి ఒదిగి కూర్చుంటుంది. మీ పాత ఇనుప రిమ్ వెడల్పు 4 అంగుళాలు, అంటే 101.6 మిల్లీమీటర్లు, ఆఫ్‌సెట్ 40 వచ్చిందని రాశారు. సగం వెడల్పు 50.8 లోంచి 40 తీసివేస్తే, డ్రమ్ ముఖం నుంచి రిమ్ బయటికి వచ్చేది 11 మిల్లీమీటర్లు మాత్రమే, లోపలికి పోయేది 91. ఇప్పుడు కొత్త వెనుక చక్రాన్ని తీసుకోండి. దాని ఆఫ్‌సెట్ 10. 25 మిల్లీమీటర్ల అడాప్టర్ వేయగానే అది మైనస్ 15 అవుతుంది. 8 అంగుళాలలో సగం 101.6 కనుక బయటికి 117, లోపలికి 87. అంటే వెడల్పు రెండింతలైనా లోపలి వైపు పాత చక్రం కంటే నాలుగు మిల్లీమీటర్లు తక్కువే వాడుకుంటోంది, పెరిగిన వెడల్పంతా, సుమారు 106 మిల్లీమీటర్లు, బయటికే వచ్చి కూర్చుంటోంది. టైరు పక్కగోడలను లెక్కలోకి తీసుకున్నా ఈ తేడా 100 దగ్గరే నిలుస్తుంది. ఇదే లెక్క ముందు చక్రానికి వేస్తే 54 మిల్లీమీటర్లు వస్తుంది. కారు మొత్తం వెడల్పు 1540 మిల్లీమీటర్లే కదా, ఒక్కో పక్క పది సెంటీమీటర్లు బయటికి రావడం ఎలా కనిపిస్తుందో ఊహించుకోండి.

కాబట్టి మీ ఇబ్బందికి మూలం వెడల్పు కాదు, అడాప్టర్. బీటిల్‌కు 1964లో ఐదు బోల్టుల వృత్తం వ్యాసం 205 మిల్లీమీటర్లు. ఫుక్స్ చక్రం పోర్షే 911 కోసం చేసినది కనుక దానికి 130. ఈ రెండింటినీ కలపాలంటే మధ్యలో ఒక మందమైన బిళ్ల తప్పదు, ఆ మందం ఉన్న మేరకు చక్రం బయటికి జరగక తప్పదు. ప్రసంగవశాత్తు ఒక మాట చెప్పాలి. ఆ పేరుపడ్డ ఫుక్స్ చక్రం 1967 మోడల్ 911 ఎస్‌కు మొదట వచ్చినప్పుడు దాని వెడల్పు నాలుగున్నర అంగుళాలే, మీ బీటిల్ రిమ్ కంటే అర అంగుళం మాత్రమే ఎక్కువ. అది గట్టి ఒత్తిడితో అణచి మలిచిన అల్యూమినియం, అంటే ఫోర్జింగ్. మీరు చూసినవి పోతపోసిన నకళ్లు. గుంతలో పడ్డప్పుడు మంచి ఫోర్జింగ్ చాలావరకు వంగుతుంది, నాసిరకం పోత పగులుతుంది. బెంగళూరులో వైట్ టాపింగ్ పనులు, అంటే తారు రోడ్డు మీద కాంక్రీటు పొర వేసే పనులు, సగంలో ఆగిన చోట కాంక్రీటు అంచు ఎంత ఎత్తున ఉంటుందో మీకు వేరుగా చెప్పనక్కరలేదు.

అడాప్టర్ల విషయంలో నా అనుభవం ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల క్రితం నేనూ ఇలాంటి మోజుతోనే నగరంలోని ఒక వర్క్‌షాపులో అల్యూమినియం అడాప్టర్లు చేయించుకున్నాను. నంది కొండ దిగుతుండగా వెనుక ఎడమ వైపు నుంచి గరగరమనే శబ్దం మొదలైంది. బేరింగు పోయిందనుకుని ఆపి చూస్తే, చక్రాన్ని అడాప్టర్‌కు పట్టి ఉంచే బోల్టులన్నీ బిగువుగానే ఉన్నాయి. చక్రం ఊడదీసి చూసిన తరువాతే తెలిసింది, అడాప్టర్‌ను డ్రమ్‌కు పట్టి ఉంచే ఐదింటిలో మూడు వదులయ్యాయని, రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలోకి సాగాయని. ఆ రెండో వరుస బోల్టులు చక్రం వెనుక దాగి ఉంటాయి, చక్రం తీయకుండా వాటిని ఎవరూ తనిఖీ చేయలేరు. అడాప్టర్లలో ఉన్న అసలు ప్రమాదం ఇదే అని నా అభిప్రాయం.

అవి ఎందుకు వదులయ్యాయన్నది కూడా తెలుసుకోదగినదే. ఫోక్స్‌వ్యాగన్ బోల్టు తల కింది భాగం గుండ్రంగా, బంతి ముక్కలా ఉంటుంది. మార్కెట్లో దొరికే చాలా చక్రాలకు, అడాప్టర్లకు గరాటు ఆకారపు ఆసనం ఉంటుంది. బంతిని గరాటులో కూర్చోబెడితే రెండూ ఒక సన్నని గీత మీదే తాకుతాయి. బిగించినప్పుడు స్పానర్‌కు గట్టిగానే తగులుతుంది; నాలుగు వందల కిలోమీటర్లు తిరిగే సరికి ఆ గీత అణగిపోయి బిగువు పోతుంది. రెండో కారణం మర చుట్లు. బోల్టు లోపలికి కనీసం తన వ్యాసమంత లోతున దిగాలి. మర పిచ్, అంటే ఒక చుట్టుకు బోల్టు దిగే దూరం, 1.5 మిల్లీమీటర్లు కనుక బోల్టు 12 మిల్లీమీటర్లదైతే ఎనిమిది చుట్లు, 14 దైతే తొమ్మిది దాటాలి. చేత్తో తిప్పుతూ చుట్లు లెక్కపెట్టడం ఒక నిమిషం పని, అయినా నేను అప్పట్లో చేయలేదు. లెక్కపెట్టి ఉంటే ఐదున్నర చుట్లకే అది ఆగిపోతోందని ఇంటి దగ్గరే తెలిసేది.

ఇక చక్రం బయటికి జరిగితే బండికి ఏమవుతుందో చూద్దాం. ముందు భాగంలో స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం ఏ పిన్ను చుట్టూ తిరుగుతుందో, ఆ పిన్ను గీతను నేల దాకా పొడిగిస్తే తాకే చోటు టైరు నడిమికి దగ్గరగా ఉండేలా తయారీదారు ఏర్పాటు చేశాడు. మీ కొత్త ముందు చక్రంతో ఆఫ్‌సెట్ 40 నుంచి 11కు పడిపోతుంది కనుక టైరు నడిమి గీత 29 మిల్లీమీటర్లు బయటికి పోతుంది. అప్పుడు ప్రతి గుంతా ఒక గునపంలా పనిచేసి స్టీరింగ్‌ను మీ చేతుల్లోంచి లాగుతుంది. పవర్ స్టీరింగ్ లేని బండి, 195 టైరు. మల్లేశ్వరం ఎనిమిదో అడ్డరోడ్డులో పార్కింగ్ చేయవలసి వచ్చిన రోజున భుజాలకు ఆ సంగతి తెలుస్తుంది. మీ బండి ముందు భాగంలో ఉన్నవి బాల్ జాయింట్లు కావు, అవి 1966 మోడల్ నుంచి వచ్చాయి. మీకు ఉన్నవి కింగ్ పిన్ను (పైన చెప్పిన, చక్రం తిరిగే పిన్ను), దాన్ని పట్టి ఉంచే లింక్ పిన్నులు. గ్రీజు సక్రమంగా పెడితే అవి బాల్ జాయింట్ల కంటే మొండివే, కానీ ఎక్కువ మీటతో లాగితే బుష్‌లు త్వరగా అరుగుతాయి.

వెనుక భాగం ఇంతకంటే సున్నితమైనది. మీ కారులో వెనుక ఇరుసులు గేర్‌బాక్సు పక్కన మాత్రమే కీలు కలిగి, గడియారపు లోలకంలా పైకీ కిందికీ ఊగుతాయి. దీనినే స్వింగ్ యాక్సిల్ అంటారు. చక్రం పైకి లేస్తే దాని తల లోపలికి వాలుతుంది, కిందికి జారితే తల బయటికి వాలుతుంది. సన్నని, పక్కగోడ ఎత్తుగా ఉన్న పాత టైరు ఈ వాలును తనలోనే సర్దుకుంటుంది. 235 మిల్లీమీటర్ల టైరును అదే ఇరుసు మీద పెడితే, మీరొక్కరే ఉన్నప్పుడు ఒక అంచు, నలుగురు ఎక్కినప్పుడు మరో అంచు నేలను తాకుతుంది. డబ్బు పెట్టి కొన్న వెడల్పులో సగం గాలిలోనే ఉంటుంది.

ఇంతకంటే గంభీరమైన విషయం మలుపుల దగ్గర ఉంది. వేగంగా మలుపు తిరిగేటప్పుడు బయటి వెనుక టైరు మీద పనిచేసే పక్క బలం, ఆ ఎత్తైన కీలు ద్వారా బండి వెనుక భాగాన్ని పైకి ఎత్తడానికి ప్రయత్నిస్తుంది. బాగా ఎత్తగలిగితే చక్రం బండి కిందికి మడుచుకుంటుంది, పట్టు ఒక్కసారిగా జారిపోతుంది. సన్నని టైరు ఆ స్థితి రాకముందే జారి మీకు హెచ్చరిక ఇస్తుంది. వెడల్పైన, మెత్తని రబ్బరు టైరు గట్టిగా పట్టుకుంటుంది కనుక ఎత్తే బలం మరింత పెరుగుతుంది. టైరు మంచిదైతే బండి భద్రమవుతుందని సాధారణంగా అనుకుంటాము, స్వింగ్ యాక్సిల్ విషయంలో ఆ నమ్మకం తిరగబడుతుంది. ఫోక్స్‌వ్యాగన్ వారే 1967లో వెనుక ఇరుసుల మధ్య ఒక సమతుల్య కడ్డీని చేర్చారు. ఆ తరువాత కొన్ని మోడళ్లలో ఇరుసుకు రెండు చివర్లా కీళ్లు పెట్టి ఈ స్వభావాన్నే మార్చేశారు. మీ 1964 బండికి ఆ రెండూ లేవు. వెనుక ఏ కొంచెం వెడల్పు పెంచినా చక్రాలు బండి కిందికి మడుచుకోకుండా ఆపే క్యాంబర్ కాంపెన్సేటర్ అనే అడ్డ స్ప్రింగును బిగించుకోవడం మంచిది, చక్రాలకు పెట్టదలచిన డబ్బులో కొంత ముందుగా దానికి కేటాయించండి.

వెనుక భాగాన్ని కొద్దిగా దించుతానని కూడా రాశారు. ఒక హద్దు వరకు అది స్వింగ్ యాక్సిల్‌కు మేలే చేస్తుంది, ఎందుకంటే చక్రాలు తల లోపలికి వాలిన స్థితిలో మొదలవుతాయి. వెనుక స్ప్రింగుగా మెలితిరిగే కడ్డీకి, అంటే టార్షన్ బార్‌కు, లోపలి కొసన 40, బయటి కొసన 44 పళ్లు ఉంటాయి. లోపల ఒక పన్ను జరిపితే 9 డిగ్రీలు, బయట ఒక పన్ను వెనక్కి జరిపితే 8 డిగ్రీల 10 నిమిషాలు. రెండూ కలిపి చేస్తే నికరంగా 50 నిమిషాల కోణం మాత్రమే మారుతుంది. ఇంత సన్నని సర్దుబాటు ఆ పాత ఏర్పాటులోనే ఉండగా, టార్షన్ బార్‌ను ఇరుసుకు కలిపే స్ప్రింగు పట్టీకి కొత్త రంధ్రాలు వేయిస్తానంటే ఒప్పుకోకండి. దించిన తరువాత పంక్చర్ పడితే ఏమి చేస్తారో కూడా ముందే ఆలోచించుకోండి. జాకీ ఎత్తగానే ఇరుసు కిందికి వేలాడి టైరు తల మడ్‌గార్డు పెదవికి తగులుకుంటుంది; వెడల్పు టైరును రోడ్డు పక్కన ఊడదీయాలంటే గాలి తీసేయాలి, లేదా మడ్‌గార్డు బోల్టులు విప్పాలి. ముందు డిక్కీలోని స్టెప్నీ గుంటలో 195 టైరు సరిగా కూర్చోదు. తరువాతి బీటిల్స్‌లో అద్దం మీదికి నీళ్లు చిమ్మే సీసాకు ఒత్తిడి స్టెప్నీ గాలి నుంచే వచ్చేది. ఆ బండ్లవారు స్టెప్నీ తీసేస్తే వానాకాలంలో అద్దం తుడుచుకోవడానికి నీళ్లు కూడా రావు.

గాలితో చల్లబడే ఇంజనుకూ చక్రాలకూ సంబంధం ఉందా అని చివర్లో అడిగారు. ఉంది. మీ 1200 ఇంజను శక్తి 34 హార్స్‌పవర్, అదీ సముద్రమట్టం దగ్గర. బెంగళూరు సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది కనుక గాలి సాంద్రత దాదాపు పదో వంతు తక్కువ. అంత మేరకు శక్తీ తగ్గుతుంది, చల్లబరిచే గాలి బరువూ తగ్గుతుంది. బరువైన చక్రాలు, వెడల్పు టైర్లు పెడితే అదే వేగానికి ఇంజను ఎక్కువ పనిచేయాలి. దీనికి తోడు కొందరు చూపు కోసం ఎత్తైన టైరు వేస్తారు. ఫ్యాను ఇంజనుతో పాటే తిరుగుతుంది కాబట్టి, టైరు వ్యాసం పెరిగితే ఎక్కే దారిలో ఇంజను నెమ్మదించి, భారం ఎక్కువైన సమయంలోనే గాలి తక్కువవుతుంది. అసలు 5.60-15 టైరు వ్యాసం సుమారు 660 మిల్లీమీటర్లు. మీ 235/60 వ్యాసం 663 కనుక ఆ ఒక్క లెక్కలో మీరు తప్పు చేయలేదు. ముందు 195/65 వ్యాసం 634. స్పీడోమీటర్ తీగ ముందు చక్రపు నడిమి మూత నుంచే తిరుగుతుంది కాబట్టి మీటరు నాలుగు శాతం ఎక్కువ చూపిస్తుంది. అల్లాయ్ చక్రపు మధ్య రంధ్రంలో ఆ మూతకూ తీగ కొసకూ చోటు ఉందో లేదో కూడా చూసుకోండి.

నేను మీ స్థానంలో ఉంటే అడాప్టర్ అనే మాటను పూర్తిగా పక్కన పెట్టి, 205 వృత్తానికే నేరుగా బిగిసే రిమ్‌ల కోసం వెతుకుతాను. పోర్షే 356లో 1956 నుంచి 1963 వరకు వచ్చిన మోడళ్లకు కూడా ఇదే 205 వృత్తం, 15 అంగుళాల రిమ్, నాలుగున్నర అంగుళాల వెడల్పు. అదే నమూనాలో ఐదున్నర అంగుళాల ఇనుప రిమ్‌లు కొత్తగా చేసినవి విదేశాల నుంచి తెప్పించుకోవచ్చు. వెనుక ఐదున్నర అంగుళాల రిమ్‌ను 30 ఆఫ్‌సెట్‌తో వేస్తే బయటికి అదనంగా వచ్చేది 29 మిల్లీమీటర్లు, లోపలికి అదనంగా పోయేది తొమ్మిది. టైరు నడిమి గీత జరిగేది పది మాత్రమే. దాని మీద 195/65 టైరు వేయవచ్చు, ఐదున్నర అంగుళాలు ఆ టైరుకు అనుమతించిన అతి తక్కువ వెడల్పు. ముందు నాలుగున్నర అంగుళాల రిమ్, 165/80 టైరు చాలు. 165/80 దుకాణానికి వెళ్లగానే దొరకదు, చెప్పి తెప్పించుకోవాలి. ఎర్టిగాకు వచ్చే 185/65 ప్రతి దుకాణంలోనూ ఉంటుంది కదా అని మీ పాత 4 అంగుళాల రిమ్ మీద దానిని ఎక్కించకండి, దానికి కనీసం 5 అంగుళాలు కావాలి. పాత రిమ్‌కు టైరు అంచు లోపలికి జారకుండా ఆపే గట్టు లేకపోతే, ట్యూబు లేకుండా రేడియల్ వేయకూడదు.

పాత రిమ్‌నే మధ్యకు కోసి, పట్టీ వేసి వెడల్పు చేయిస్తానని అనేవారూ ఉంటారు. మా పీణ్యాలో ఆ పని చక్కగా చేయగలవారు లేకపోలేదు, కానీ లేత్ మీద తిప్పి చూసినప్పుడు ఊగు ఒక మిల్లీమీటరు లోపు రాని రిమ్‌ను నేను తిరిగి ఇచ్చేసేవాణ్ణి. అలా తిరిగి ఇచ్చినవే ఎక్కువ.

డబ్బు కట్టే ముందు మీరే చేయగల కొలత ఒకటి ఉంది. బండిని చదునైన నేల మీద నిలిపి, వెనుక మడ్‌గార్డు పెదవి నుంచి దారానికి బరువు కట్టి వేలాడదీయండి. దారానికీ టైరు పక్కగోడకూ మధ్య దూరం కొలవండి. తరువాత షాక్ అబ్జార్బర్ విప్పి, బండిని స్టాండ్ల మీద నిలిపి, ఇరుసు గొట్టం కింద జాకీ పెట్టి రబ్బరు ఆపుడుకు తగిలే దాకా పైకి ఎత్తండి. ఆ స్థితిలో లోపలి వైపు స్ప్రింగు పట్టీ బోల్టు తలలకూ టైరుకూ మధ్య ఎంత చోటు ఉందో చూడండి. ముందు చక్రాలకు ఇదే పనిని స్టీరింగ్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి చేయాలి. వేలు దూరేంత చోటు, అంటే పది మిల్లీమీటర్లు, ఎక్కడా తగ్గకూడదు.

బిగించే రోజున కొన్ని చిన్న సంగతులు గుర్తుంచుకోండి. ఈ రిమ్ నడిమి రంధ్రం చాలా పెద్దది, మామూలు బ్యాలెన్సింగ్ యంత్రపు శంకువు దానిలో పట్టదు. జేసీ రోడ్డు ప్రాంతంలో బోల్టు రంధ్రాలకే పట్టే ఫ్లాంజ్ ఉన్న దుకాణాన్ని ముందే విచారించుకోండి. వెనుక డ్రమ్ తీస్తే, 36 మిల్లీమీటర్ల ఇరుసు నట్టును సుమారు 300 న్యూటన్ మీటర్లకు బిగించి నట్టు తిరగకుండా ఆపే కొత్త కాటర్ పిన్ను వేయాలి, లేకపోతే డ్రమ్ లోపలి పళ్లు అరిగిపోతాయి. చక్రపు బోల్టులు 100 న్యూటన్ మీటర్ల దగ్గర బిగించి, 50 కిలోమీటర్ల తరువాత మళ్లీ చూడాలి. గాలి ముందు 18, వెనుక 27 పౌండ్లు. దుకాణంలో కుర్రాడు అలవాటుగా నాలుగింటికీ 32 పెట్టేస్తాడు. తేలికైన ముక్కు, బరువైన తోక ఉన్న ఈ బండిలో టైర్ల మధ్య ఆ ఒత్తిడి తేడాయే స్టీరింగ్‌ను అదుపులో ఉంచుతుంది కనుక పక్కనే నిలబడి పెట్టించుకోండి.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు నిర్దేశించిన దానికి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు దానిని మరింత స్పష్టంగా చెప్పింది. యాభై ఏళ్లు దాటిన బండ్లకు 2021లో వచ్చిన వింటేజ్ నమోదు కింద మీ బీటిల్‌కు వీఏ అక్షరాలు ఉన్న నంబరు తీసుకోవచ్చు, కానీ బండి అసలు రూపంలోనే ఉండాలన్నది అందులో షరతు. మడ్‌గార్డు కోసిన బండికి ఆ దారి మూసుకుపోవచ్చు. పాత నాలుగు రిమ్‌లను, హబ్‌క్యాప్‌లను ఏ ధరకూ అమ్మకుండా అటక మీద దాచండి.

దారం కొలత, లోపలి వైపు చోటు కొలత, బోల్టు వ్యాసం, మర చుట్ల లెక్క రాసి పంపండి. ఐదున్నర అంగుళాల రిమ్‌కు ఎంత ఆఫ్‌సెట్ ఆర్డరు పెట్టాలో అప్పుడు మిల్లీమీటర్లలో చెబుతాను. ఆ అల్లాయ్ చక్రాలకు బయానా ఇచ్చి ఉంటే మాత్రం ముందు దానిని వెనక్కి తీసుకునే ప్రయత్నం చేయండి.